సాయంత్రం ఆరున్నరకు ఏ దారిన వెళ్లాలి?

గుంటూరు జిల్లా నుంచి ఒకాయన ఎనిమిది పేజీల జాబు రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి సంగతులు మాత్రం చెబుతాను. వయసు 41. మోటారు వైండింగ్ షాపు. పొలాల మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు కడతారు. భార్య ఇంట్లో మిషను కుడతారు, ఇద్దరు పిల్లలు. ఇరవై ఆరో ఏట రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్నారు. సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతారు. పెళ్లిళ్లలో మొదలైన తాగుడు పన్నెండేళ్లలో రోజుకు రెండు క్వార్టర్ల దాకా వచ్చింది. ఏడాది నుంచి పొద్దున్నే అరవై మిల్లీలీటర్లు పడితే తప్ప చెయ్యి నిలవడం లేదు, సన్న తీగ స్లాట్‌లోకి దిగడం లేదు.

ప్రతి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు అందుకుని, ఇక జన్మలో ముట్టనని ప్రభువుకు మాటిస్తారు. ఒకసారి ఆ మాట సంక్రాంతి దాకా నిలబడింది. నాలుగేళ్ల కిందట, అప్పటికి రోజుకు ఒక్క క్వార్టరే ఉన్నప్పుడు, శ్రమదినాలు నలభై రోజులూ ముట్టకుండా ఉండి ఈస్టరు సాయంత్రం తాగారు. 'విడుదల పొందాను' అని సంఘంలో రెండుసార్లు సాక్ష్యం కూడా చెప్పారు. కిందటి ఆగస్టులో మూడు రోజుల ఉపవాస ప్రార్థనకు కూర్చుంటే, రెండో రోజు మధ్యాహ్నం కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, నాలుక కరుచుకుని పడిపోయారు. దురాత్మ వదిలిపోతోందని చుట్టూ ఉన్నవాళ్లు అన్నారు. మర్నాడు సాయంత్రానికి మళ్లీ తాగారు. పోయిన నెల, పప్పులో భార్య ఏదో పొడి కలుపుతోందని తెలిసింది. ఆ రోజు తాగిన కాసేపటికే ముఖం కందిపోయి, గుండె దడదడలాడి, వాంతులయ్యాయట. ఆ కోపంలో చెయ్యి చేసుకున్నానని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు.

అడిగినవి నాలుగు. ఆసుపత్రికి వెళితే విశ్వాసం లేనట్టేనా? పాస్టరు గారు అలాగే అంటున్నారట. ఈసారి మాట ఎలా ఇస్తే నిలబడుతుంది? పడిపోయానని సంఘంలో చెప్పాలా? ప్రభువు బల్లలో పాత్ర తీసుకోవచ్చా?

ముందు మీరు అడగని దానికి జవాబు చెప్పాలి. ఉపవాస ప్రార్థనలో మీకు వచ్చింది ఫిట్స్. తాగుడు ఒక్కసారిగా ఆపినందువల్ల వచ్చిన ఫిట్స్. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడు ఆ మత్తు బరువును లాగుతూ పనిచేయడానికి అలవాటు పడిపోతుంది. సీరీస్ మోటారును లోడు లేకుండా పూర్తి వోల్టేజికి వదిలితే స్పీడు ఎక్కడిదాకా పోతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. మీ తలలో జరిగింది అదే, లోడు ఒక్కసారిగా తీసేశారు. చివరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకే వణుకు, చెమట, దడ మొదలవుతాయి. మీ పొద్దుటి వణుకు అదే. ఫిట్స్ ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. రెండో రోజు మధ్యాహ్నం సరిగ్గా ఆ గడువులో పడుతుంది. 48 నుంచి 96 గంటల మధ్య ఇంకా పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. మనిషికి లేనివి కనబడతాయి, ఒళ్లు కాలిపోతుంది, ఎక్కడున్నాడో తెలియదు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. మర్నాడే మీరు మళ్లీ తాగారు కాబట్టి అక్కడిదాకా రాలేదేమో. చెప్పడానికి బాధగా ఉంది, కానీ నిజం అదే.

ఒకసారి ఫిట్స్ వచ్చినవాళ్లకు ఇంకోసారి ఆపినప్పుడు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకని ఈ జాబు చదివి ఉద్రేకంతో ఈ రాత్రే సీసా పగలగొట్టొద్దు. డాక్టరు చేతికి వెళ్లేదాకా ఒక్కసారిగా ఆపొద్దు, ఉపవాసం అసలే వద్దు. ఎప్పుడైనా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో నీళ్లు గానీ చెంచా గానీ పెట్టకూడదు, తాళాల గుత్తి చేతిలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, 108కి ఫోను చేయాలి. ఇది మీ ఆవిడకూ, సంఘంలో మీ పక్కన కూర్చునే ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

ఇంకొకటి. నీరసంగా ఉందంటే ఊళ్లో ఆర్‌ఎంపీ చేసే మొదటి పని గ్లూకోజు బాటిలు ఎక్కించడం. బాగా తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిను, అంటే థయమిన్, అడుగంటిపోయి ఉంటుంది. ఉన్న కాస్తనీ ఆ గ్లూకోజు వాడేసుకుంటుంది. అప్పుడు చూపు అదుపు తప్పడం, నడక తూలడం, మతి తప్పడం మొదలవుతాయి. కొందరికి జ్ఞాపకశక్తి మళ్లీ పూర్తిగా రాదు. థయమిన్ ఇంజెక్షను ముందు, గ్లూకోజు తర్వాత. 'రోజూ తాగుతాను, బీ1 ఇచ్చారా' అని మీరే అడగండి, మొహమాటపడొద్దు.

ఇక విశ్వాసం సంగతి. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడుకుని గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేశాడు. దేవుడు విన్నాడు, ఇంకో 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. మాట ఇచ్చేసినట్టేగా? అయినా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమని యెషయా చెప్పాడు. అప్పట్లో అది మందే. యెషయా 38లో ప్రార్థన, వాగ్దానం, మందు మూడూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. పాస్టరు గారితో వాదనకు దిగకుండా ఆ అధ్యాయం ఆయనతో కలిసి చదవండి. తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: 'అయ్యగారూ, షుగరు మాత్ర వేసుకునే విశ్వాసికి మీరు ఇదే చెబుతారా?' ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే ఆయన మీద గౌరవం ఉంచుకునే ఆసుపత్రికి వెళ్లొచ్చు. ఈ విషయంలో ఆయన అనుమతి అవసరం లేదు.

తాగుడు పాపమా, జబ్బా అన్న సందేహం మీ జాబు నిండా ఉంది. తాగి చెయ్యి ఎత్తడం, అబద్ధాలాడి డబ్బు దాచడం తప్పులు. వాటికి పశ్చాత్తాపం కావాలి. పొద్దున్నే చెయ్యి వణకడం తప్పు కాదు, అది ఒంటి స్థితి, దానికి వైద్యం కావాలి. మీరు వణుకుకు పశ్చాత్తాపపడి, చెయ్యి ఎత్తినదాన్ని ఒక వాక్యంలో దాటేశారు.

ఆపడానికి దారులు మూడున్నాయి. మొదటిది ఆసుపత్రిలో చేరడం, మామూలుగా ఓ వారం, పది రోజులు. క్లోర్‌డయాజిపాక్సైడ్ గానీ డయాజిపామ్ గానీ ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు. కాలేయం దెబ్బతింటే లోరజిపామ్ ఇస్తారు. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది. నష్టం ఏమిటంటే షాపు మూతపడుతుంది, సీజన్లో అయితే రైతులు వేరే షాపు చూసుకుంటారు, ఊళ్లో నలుగురికీ తెలుస్తుంది. రెండోది ఇంట్లో ఉండి మాత్రలు వాడుతూ డాక్టరుకు చూపించుకోవడం. ఖర్చు తక్కువ, గుట్టుగా సాగుతుంది. కానీ అది ఫిట్స్ రానివాళ్లకు, పక్కన తెలివిడిగల మనిషి ఉన్నవాళ్లకు. మీ విషయంలో డాక్టర్లు దీనికి ఒప్పుకోవడం కష్టం. నాకూ ఇది వద్దనే అనిపిస్తోంది. మూడోది, మీ బావమరిది చెప్పారన్న ప్రార్థనా గృహం లాంటివి. కొన్ని చోట్ల మంచి క్రమం, మంచి మనుషులు ఉంటారు, మొదటి వారం దాటాక కొందరికి ఎంతో మేలు చేస్తాయి. చేరేముందు మూడు సంగతులు కనుక్కోండి: డాక్టరు రోజూ వస్తారా, ఇంటివాళ్లు ఎప్పుడైనా చూడొచ్చా, ఎవరినైనా కట్టేస్తారా. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికైనా నసుగుతూ జవాబు వస్తే వెనక్కి వచ్చేయండి.

ఆసుపత్రిలో ఎంత తాగుతారని అడిగితే 'కాస్త' అనకండి. మన క్వార్టరు 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాలు 42.8 శాతం. గ్రాముల్లో చూస్తే దాదాపు 60. పది గ్రాములను ఒక డ్రింకుగా లెక్కేస్తే మీరు తాగేది రోజుకు పన్నెండు డ్రింకులు, పొద్దుటి అరవైతో పద్నాలుగు. ఆ లెక్కను బట్టే మందు మోతాదు వేస్తారు. సిగ్గుపడి సగం చెబితే సగం మందే పడుతుంది, వణుకు ఆగదు, మూడో రోజు గోడ దూకి బయటికి వచ్చేస్తారు. చాలామంది విషయంలో జరిగేది ఇదే. తర్వాత 'ఆసుపత్రి మందులు పనిచేయలేదు' అని చెప్పుకుంటారు.

ఒంట్లోంచి మత్తు దిగడం మొదటి మెట్టు మాత్రమే. కోరిక తగ్గించడానికి తర్వాత మాత్రలుంటాయి. నల్‌ట్రెక్సోన్ రోజుకు 50 మిల్లీగ్రాములు, కాలేయం పరీక్ష చూసి ఇస్తారు. అది వాడేవాళ్లకు ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు పనికిరావు. అకాంప్రోసేట్ రోజుకు మూడుసార్లు, దీనికి మూత్రపిండాల పరీక్ష కావాలి. మూడోది డైసల్ఫిరామ్. మీ పప్పులో పడింది ఇదేనని మీరు రాసిన లక్షణాలను బట్టి అనుమానం. ఇది కోరికను తగ్గించదు, తాగితే ఒంట్లో విషం పేరుకునేలా చేసి భయపెడుతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో, రోజూ భార్య చేతి మీదుగా వేసుకునేవాళ్లకు బాగా పనికొస్తుంది. తెలియకుండా కలిపితే మనిషి ఎప్పటిలాగే రెండు క్వార్టర్లు తాగుతాడు. బీపీ పడిపోయి గుండె ఆగిన సందర్భాలూ ఉన్నాయి. ఆ మందు ఆపేసిన రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుంది. దగ్గు మందులో ఉండే ఆల్కహాలుకు కూడా ఒళ్లు తిరగబడుతుంది. ఆమె చేసింది ప్రమాదకరమైన పని, నిజమే. కానీ ఆ పొడి కోసం ఆమె ఎక్కడెక్కడ తిరిగిందో, మిషను కుట్టిన డబ్బుల్లోంచి ఎంత పెట్టిందో ఒకసారి అడిగి చూడండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మాట ఎలా ఇస్తే నిలబడుతుంది?

'జన్మలో ముట్టను' అన్న మాట దేవుడు మిమ్మల్ని అడిగింది కాదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఉన్నది 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము' అని. ఏడాది సరిపడా బియ్యం అడగమనలేదు. అరణ్యంలో మన్నా కూడా రోజుకు ఓమెరు అనే కొలత చొప్పునే దొరికింది, మర్నాటికి దాచుకున్నవాళ్లకు పురుగు పట్టింది. డిసెంబరు 31న మీరు చేస్తున్నది ఆ దాపుడే. పాటలు, చప్పట్లు, కన్నీళ్ల మధ్య వచ్చిన బలాన్ని మూటగట్టి 365 రోజులకు పంచుదామనుకుంటారు. జనవరి 14 సాయంత్రం చూస్తే మూటలో ఏమీ ఉండదు. శ్రమదినాల్లో నలభై రోజులు ఎలా నిలబడ్డారో ఎప్పుడైనా ఆలోచించారా? గడువు కళ్ల ముందుంది కాబట్టి ఒక్కొక్క రోజే లెక్కపెట్టుకున్నారు. నలభై ఒకటో రోజుకు లెక్క లేదు.

పెద్ద ఒట్టులో ఇంకో చిక్కుంది. అది ఒక్కసారి తెగితే మొత్తం తెగినట్టే. 'ఎలాగూ పోయింది, ఇక దాచుకునేదేముంది' అని ఒక పెగ్గు దగ్గర ఆగాల్సింది పది రోజులు సాగుతుంది. మీ జాబులో ఇది మూడుసార్లు ఉంది. 1935లో అమెరికాలోని అక్రన్‌లో ఒక స్టాకు బ్రోకరూ ఒక సర్జనూ కలిసి మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అనే, తాగుడు మానాలనుకునేవాళ్ల సహవాసం అందుకే ఇరవై నాలుగు గంటలకు మించి మాట అడగదు. వాళ్లిద్దరూ అప్పటి ఒక క్రైస్తవ సహవాసంలోంచి వచ్చినవాళ్లే, ఒకరితో ఒకరు తప్పులు ఒప్పుకునే పద్ధతి అక్కడిదే. ఏఏ మీటింగులకు రుసుము లేదు, పేరు చెప్పక్కర్లేదు. అయితే అది ఏ మతానికీ చెందినది కాదు, అక్కడ వాక్యం చెప్పరు. అది వెలితిగా అనిపిస్తే అనిపించనివ్వండి, వాక్యానికి మీకు సంఘం ఉంది. తాగే మనిషి మనసులో ఏముంటుందో తెలిసిన పదిమంది మీ సంఘంలో ఉంటే దాచుకుని ఉంటారు, అక్కడ దాచుకోరు.

రోజు కూడా పెద్దదే. మీ రోజులో అసలు నిర్ణయం జరిగే చోటు మీరే రాశారు, గమనించారో లేదో. 'ఆరున్నరకు షట్టరు దించుతాను, జేబులో ఆరేడు వందలుంటాయి, సెంటరు దాటితేనే ఇల్లు' అన్నారు. వైన్ షాపు కౌంటరు దగ్గర నిలబడ్డాక ప్రార్థన చేయాలంటే కష్టం, అప్పటికే కాళ్లు నిర్ణయం తీసేసుకున్నాయి. శోధనతో కూడ 'తప్పించుకొను మార్గమును' దేవుడు కలగజేస్తాడని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ మార్గం మీ ఊళ్లో బహుశా చెరువుకట్ట మీదుగా పోయే దారి. దూరం ఎక్కువ, గతుకులెక్కువ, వీధి దీపాలుండవు. అయినా అదే దారి.

వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ఐదింటికి ఏం తిన్నారు? మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న అన్నం మీద ఆరున్నర దాకా టీలతో నెట్టుకొస్తే, ఒళ్లు అడిగే ఆకలిని మీరు మందు కోరికగా చదువుకుంటారు. ఐదింటికి రెండు ఇడ్లీలో, గుప్పెడు గుగ్గిళ్లో కడుపులో పడాలి. ఇది చాలా చిన్న మాటలా అనిపిస్తుంది, కానీ పనిచేస్తుంది. ఆరింటికి గల్లాపెట్టెలో నోట్లు ఎన్నున్నాయి? రాగి తీగకు, బేరింగులకు ఇవ్వాల్సింది పక్కన పెట్టి మిగతాది మీ ఆవిడ ఫోనుకు పంపేయండి. కౌంటరు మీద క్యూఆర్ కోడు ఆమె ఖాతాదే పెట్టేస్తే ఇంకా మంచిది. ఆమె మీకు బస్సు డబ్బులు లెక్కపెట్టి ఇవ్వడం చిన్నతనంగా అనిపిస్తుంది. ఆరు నెలలకు ఆ చిన్నతనం ఒప్పుకుని చూడండి. ఆరున్నరకు ఎవరికి ఫోను? ఒక్క మనిషి, ముందే మాట్లాడుకున్న మనిషి. 'షట్టరు దించాను, కట్ట దారిన వస్తున్నాను' అంటే చాలు.

ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఈ నాలుగింటిలో రెండు కలిసిన సాయంత్రం మీకు గండం. బాకీ ఎగ్గొట్టిన రైతు మీద కోపం, పైగా తిండి లేదు, ఆ రోజు షట్టరు గంట ముందే దించి వెళ్లిపోండి. మోటారు ఒకటి మర్నాటికి ఆగితే ఆగింది.

అయినా కోరిక వస్తుంది. వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. అది అలలా లేచి, మామూలుగా పదిహేను నిమిషాల నుంచి అరగంటలో దిగుతుంది. తాగితేనే దిగుతుందని మీ ఒళ్లు నమ్మింది, ఎందుకంటే ఇన్నేళ్లలో ఎప్పుడూ చివరిదాకా చూడలేదు. గడియారం చూసి టైము మనసులో పెట్టుకోండి. కూర్చున్న చోటు నుంచి లేవండి. కోరిక ఒంట్లో ఎక్కడుందో గమనించండి, గొంతులోనా, దవడలోనా, పొట్టలోనా. దాంతో పోట్లాడొద్దు, పేరు పెట్టి చూస్తూ ఉండండి. రెండు గ్లాసుల నీళ్లు తాగండి. చేతికి పని ఇవ్వండి, పాత కాయిలు విప్పడం లాంటిది. పది నిమిషాలకు మళ్లీ గడియారం చూడండి.

అప్పుడు చేసే ప్రార్థన గురించి కూడా చెప్పాలి. మీరు 'ప్రభువా, ఈ కోరిక తీసెయ్' అని అడుగుతున్నారు. అది పోకపోతే ప్రార్థన వినలేదని, విశ్వాసం చాలలేదని అనుకుంటారు. ఆ నిరాశ ఇంకో క్వార్టరుకు దారి. శోధన రావడం పడిపోవడం కాదు, క్రీస్తుకూ శోధన వచ్చింది. 'వచ్చే పది నిమిషాలు ఏం చేయమంటావు?' అని అడగండి. దానికి జవాబు దాదాపు ఎప్పుడూ ఉంటుంది: లే, తిను, ఫోను చెయ్యి, ఆ మలుపు తిరగకు. ఇంకో మాట, ఖాళీ షాపులో షట్టరు సగం దించుకుని కళ్లు మూసుకుని ఒంటరిగా మోకరించవద్దు. కళ్లు మూసుకుంటే గ్లాసే కనబడుతుంది. నడుస్తూ, కళ్లు తెరిచి, బయటికి వినబడేలా ప్రార్థించండి.

పడిపోతే? పడే అవకాశం ఉంది. కట్టిన మోటారు మళ్లీ కాలిపోయి షాపుకొస్తే మీరు రైతును తిట్టి ఊరుకోరు. విప్పి చూస్తారు, ఫేజు పోయి రెండు ఫేజుల మీద నడిచిందా, బేరింగు పట్టేసిందా, వోల్టేజి తక్కువా అని. కారణం తెలియకుండా మళ్లీ కట్టిస్తే మళ్లీ కాలుతుంది. తాగిన మర్నాడు ఒక కాగితం మీద రాయండి: ఎన్నింటికి, ఎవరితో, ముందు ఏం తిన్నాను, జేబులో ఎంత ఉంది, మొదటి అబద్ధం ఎవరితో ఆడాను. ఆ చివరి ప్రశ్న ముఖ్యం, చాలాసార్లు మొదటి గ్లాసుకు రెండు గంటల ముందే ఒక అబద్ధం ఉంటుంది. ఒక పూట తప్పితే ఆ రోజే మీ మనిషికి చెప్పి మర్నాటి నుంచి మామూలుగా సాగండి. వరసగా వారం తాగితే మాత్రం మళ్లీ సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరు దగ్గరికే. ఇంకా డైసల్ఫిరామ్ మీద ఉండి తాగితే నేరుగా ఆసుపత్రికే.

సంఘంలో చెప్పడం గురించి. అందరి ముందు చెబితే గుండె బరువు దిగుతుంది, దాచాల్సిన పని తప్పుతుంది. కానీ ఆదివారం మధ్యాహ్నానికి ఊరంతా తెలుస్తుంది, సండే స్కూలు పని పోవచ్చు, పిల్లలు బళ్లో మాట పడతారు. అసలు చెప్పకపోతే ఆ రెండు పాత సాక్ష్యాలు మెడకు వేలాడుతూ ఉంటాయి, ప్రతి ఆదివారమూ నటన. మధ్యలో ఒక దారి ఉంది. తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు రాశాడు, మైకులో ఒప్పుకోమనలేదు. నోరు జారని ఇద్దరిని ఎంచుకుని వాళ్లకు మొత్తం చెప్పండి. పాటలు నేర్పే పని కొన్నాళ్లు ఇంకొకరికి అప్పజెప్పండి, ఆరోగ్యం బాగాలేదనండి, అది అబద్ధం కాదు. సాక్ష్యం చెప్పమని ఎవరు బలవంతపెట్టినా ఏడాదిపాటు వద్దనండి. చప్పట్లు కొట్టించుకున్న మూడో వారం చాలామందికి చెడ్డ వారం. గెలిచేశానన్న ధీమా ఒక పక్క, పడితే చెప్పుకోలేని సిగ్గు ఇంకో పక్క.

ప్రభువు బల్లకు చిన్న జవాబే. మీ సంఘంలో ఇచ్చేది వట్టి ద్రాక్షరసమా, పులిసినదా అని ముందు అడగండి. మన భాషలో రెంటినీ ద్రాక్షారసమనే అంటాం కాబట్టి ఊహించుకోవద్దు. పులిసినదైతే రొట్టె మాత్రం తీసుకోండి, లేదా మీకు విడిగా రసం పెట్టమనండి. డైసల్ఫిరామ్ వాడుతుంటే ఆ ఒక్క గుక్క కూడా వద్దు. క్యాతలిక్కులు అప్పం ఒక్కటే స్వీకరించినా క్రీస్తును పూర్తిగా స్వీకరించినట్టేనని వాళ్ల సంఘమే బోధిస్తుంది, ఇందులో లోటేమీ లేదు.

మీ ఆవిడ సంగతి మిగిలింది. 'ఆమె క్షమించింది' అని రాశారు. ఆమె క్షమించడం ఆమె ఇష్టం, ఆమె భద్రత మీ బాధ్యత. మళ్లీ చెయ్యి లేస్తే ఆమె పిల్లలతో పుట్టింటికి వెళ్లాలి, అవసరమైతే 181కి ఫోను చేయాలి. ఈ మాట మీరే ఆమెకు చెప్పాలి, తాగని పూట, కూర్చుని. ఆ పొడి ఆపమని అడగండి, బదులుగా డాక్టరు రాసిన మాత్ర ఆమె ఎదుటే వేసుకుంటానని చెప్పండి. సీసాలు వెతకడం, నోరు వాసన చూడడం ఆమె పని కాకూడదు. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, మీరు మానినా మానకపోయినా ఆమె వెళ్లొచ్చు.

ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి సాయంత్రమే అయి ఉంటుంది. ఇవాళ చేయాల్సింది మానేయడం కాదు. కడుపునిండా అన్నం తినండి, మీ ఆవిడకు ఈ కాగితం చూపించండి, 14446కి ఫోను చేయండి. అది మత్తు మానే సాయం కోసం కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. అది కలవకపోతే 14416, టెలీ మానస్, అక్కడ తెలుగులో మాట్లాడతారు. రేపు పొద్దున్నే మొదటి బస్సుకు ఇద్దరూ గుంటూరు వెళ్లండి, ఓపీ చీటీ ఉదయమే రాస్తారు. బండి మీరు నడపొద్దు. ఆధార్, వాడిన మందుల చీటీలు, ఆ పొడి పొట్లం మిగిలి ఉంటే అదీ తీసుకెళ్లండి. ఫిట్స్ వచ్చిన సంగతి డాక్టరుకు ఆమెను చెప్పమనండి, పడిపోయిన ఆ కాసేపు ఏం జరిగిందో చూసింది ఆమే.